పడిశం గోడ దూకితే

పడిశం పది రోగాల పెట్టు అని మా అమ్మమ్మ అంటూండేది. అంటూనే, మందు వేసుకుంటే వారం రోజులు, వేసుకోకపోతే ఏడు రోజులు అని నవ్వేది కూడా. ఈ రెండు మాటలకీ పొత్తు ఎలా కుదురుతుందని నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ దగ్గర వాము మూట ఉండేది, శొంఠి కషాయం ఉండేది, పసుపు వేసి మరిగించిన నీళ్ళ గిన్నె, ముసుగేసుకోవడానికి పాత దుప్పటి ఉండేవి. ఇక వాదనకి చోటెక్కడ?

మా జూబిలీ హిల్స్ లో పడిశానికి కొరత లేదు. కొండరాళ్ళు పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్న పేట ఇది. ఇప్పటికీ ఏదో ఒక సందులో పాత ఇల్లు కూల్చి కొత్త అంతస్తులు లేపుతూనే ఉంటారు. సాయంత్రానికి కిటికీ ఊచల మీద ముగ్గు వేసుకునేంత తెల్లటి దుమ్ము. అటు ఫిల్మ్ నగర్ వైపు దిగితే సినిమా పడిశం వేరే. డబ్బింగు థియేటర్ లో చలి, బయట ఎండ. హీరోయిన్ కి తుమ్ము వస్తే షూటింగు ఆగుతుందేమో గానీ, ఆవిడకి గొంతు అరువిచ్చే మనిషికి ముక్కు దిబ్బడేస్తే ఎవరు ఆగుతారు?

మా ఎదురింటావిడ అలా గొంతు అరువిచ్చే మనిషే. పేరు రాస్తే ఒప్పుకోదు. తెర మీద ఎన్నోసార్లు చచ్చిపోయింది, విధవరాలయింది, బిడ్డల్ని పోగొట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చింది. నిజం జీవితంలో ఆవిడ గొంతు పెరగడం నేను వినలేదు.

2019 నవంబరులో వాళ్ళబ్బాయికి పడిశం పట్టింది. 14 ఏళ్ళ వాడు. పది రోజులైనా వదల్లేదు, రాత్రుళ్ళు జ్వరం కూడా. ఓ ఉదయం లేచేసరికి ఎడమకన్ను ఉబ్బి, రెప్ప ఎర్రగా మూసుకుపోయి ఉంది. పనిమనిషి కంటికురుపంది. వాచ్ మన్ పురుగు కుట్టిందన్నాడు. మా అత్తగారు నెయ్యి రాయమన్నారు. ఆవిడ మాత్రం వాడి గడ్డం పట్టుకుని, వేలితో రెప్ప ఎత్తి, "పైకి చూడు నాన్నా. ఇప్పుడు ఇటు చూడు" అంది. కుడికన్ను చెప్పినట్టే తిరిగింది. ఎడమది సగం దారిలో ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు ఇద్దరు కనబడుతున్నావే" అని నవ్వాడు వాడు.

ఆవిడ నవ్వలేదు. "అక్కా, కాస్త కారు తీస్తారా?" అంది.

కంటి డాక్టరుగారు వాడికి ఓ ఎర్రటి సీసా మూత చూపించి, ఒక్కొక్క కన్నే మూయిస్తూ, "రెండింటికీ ఎరుపు ఒకేలా ఉందా?" అని అడిగారు. కంటినరం మీద ఒత్తిడి పడితే ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుందట. ఒకేలా ఉందని వాడన్నాక ఆయన ఊపిరి తీసుకుని, "అమ్మా, ఇది కంటిలో పుట్టిన జబ్బు కాదు, ముక్కులోంచి వచ్చింది. రేపూ ఎల్లుండీ అనకండి. ఇవాళే రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్ తీయించండి" అన్నారు.

స్కాన్ గదిలో ఉన్న డాక్టరమ్మ నా వయసే. తల్లి మొహం చూసి జాలిపడిందో, నా నవలలేవో చదివిందో (చదివిందనే అనుకుంటాను, నా తృప్తి నాది), మమ్మల్ని లోపలికి పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది.

మా పేటలో "నాకు సైనసండీ" అంటూంటారు, అదేదో జబ్బు పేరయినట్టు. సైనస్ లేనివాళ్ళెవరు? బుగ్గల వెనక, నుదుటి వెనక, ముక్కుకీ కళ్ళకీ మధ్య, ఇంకా లోపల పుర్రె అడుగున, అందరికీ ఉన్న గాలిగదులవి. సీటీలో గాలి నల్లగా, ఎముక తెల్లగా, నీరూ కండా బూడిదరంగులో కనిపిస్తాయి. అంటే ఆ గదులు నల్లగా ఉంటేనే మంచిది. నలుపు చూసి సంతోషించడం నాకదే మొదటిసారి.

వాడి కుడివైపు గదులన్నీ నల్లగానే ఉన్నాయి. ఎడమవైపు బుగ్గ గదీ, కంటి పక్కన ఉండే చిన్నచిన్న అరలూ బూడిదరంగుతో నిండిపోయాయి. ఆ అరలకీ కంటిగూటికీ మధ్య ఉన్న గోడ చూపించింది ఆవిడ. గోడ అనడం గొప్పకే. సన్నటి తెల్లటి గీత. లాటిన్ లో దానికి పెట్టిన పేరుకి అర్థమే కాగితం పొర అట. రెండు వాటాల ఇంట్లో మధ్యన తడిక కట్టినట్టు, దేవుడు మనిషి ముక్కుకీ కంటికీ మధ్య కాగితం కట్టాడన్నమాట.

ఆ గీతకి ఇవతల, కంటివైపు, బాదంగింజలాంటి ఒక ఉబ్బు. రంగుమందు దాని అంచంతా వెలిగించింది, నడుమ మాత్రం మసకగా ఉంది. అది చీము. ఎముకకీ దాన్ని అంటిపెట్టుకుని ఉండే పొరకీ మధ్య చేరి, కంటిని పక్కకి నెడుతోంది. నా పక్కన కూర్చున్న ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లబడింది.

ముక్కు జబ్బు కంటికి పాకే తీరుని 1970లో చాండ్లర్ అనే వైద్యుడూ ఆయన తోటివాళ్ళూ ఐదు మెట్లుగా విడదీశారట. రెప్ప వాపు మొదటిది, కంటిగూట్లో వాపు రెండోది, ఎముక పొర కింద చీము మూడోది, కంటిగూటి లోపలే చీము నాలుగోది. ఐదోది కంటి వెనక, మెదడు అడుగున ఉండే రక్తపు మడుగు గడ్డకట్టడం. ఆ మాట దగ్గర డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీవాడు మూడో మెట్టు మీద ఉన్నాడు. లోపలి సిర శుభ్రంగా ఉంది, మెదడు చుట్టూ ఏమీ లేదు" అంది. నాకు బాగా పట్టిన సంగతి ఒకటి చెప్పింది. చూడటానికి భయంకరంగా ఉండే రెప్ప వాపు అన్నిటికన్నా చిన్న మెట్టు కావచ్చునట, పైకి అంతగా కనిపించనిది పెద్ద మెట్టు కావచ్చునట. ఉబ్బిన రెప్ప వెనక ఏముందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అది చెప్పడానికే స్కాను. మెదడు మీద అనుమానం ఉంటే ఎమ్మారై ఇంకా వివరంగా చూపిస్తుంది.

నుదుటి గది సంగతీ చెప్పింది. యౌవనంలో అడుగుపెట్టే పిల్లల్లో అది పెరుగుతూ ఉంటుంది, దాని సిరలు లోపలి సిరలతో కలిసి ఉంటాయి. అక్కడి చీము ఎముకని తిని ముందుకొస్తే నుదుటి మీద మెత్తటి బొప్పి కడుతుంది. 18వ శతాబ్దంలో లండన్ లో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు వర్ణించాడు కాబట్టి దానికి ఆయన పేరే. వెనక్కి వెళితే మెదడు పొరల దగ్గరే. అందుకని పడిశంతో ఉన్న పిల్లవాడు తలనొప్పి భరించలేక వాంతులు చేసుకుంటూ మత్తుగా పడుకుంటే, నిద్రపోతున్నాడులే అనుకోకూడదట.

"అయితే పడిశం పట్టిన ప్రతివాళ్ళకీ స్కాన్ తీయిస్తే సరి" అన్నాను నేను. డాక్టరమ్మ నవ్వింది. 1994లో అమెరికాలో మామూలు పడిశంతో ఉన్న 31 మందికి సీటీ తీస్తే 27 మందికి బుగ్గ గదులు తేడాగానే కనిపించాయట. చాలామందికి ఏ యాంటీబయాటిక్కూ లేకుండానే సర్దుకున్నాయి. "సైనస్ నిండిందా అని చూడ్డానికి కాదమ్మా స్కాను. గోడ దూకిందా అని చూడ్డానికి" అందావిడ. తుమ్మినప్పుడల్లా స్కానింగుకి పరుగెత్తే మా కాలనీ వాళ్ళకి ఈ మాట చెప్పి చూశాను. ఎవరూ మెచ్చుకోలేదు.

వాణ్ణి ఆపరేషన్ కి తీసుకెళ్ళాక మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. మాటలు మళ్ళించడానికి ఎక్కడో చదివిన సంగతి చెప్పాను. మన చిన్నప్పుడు ఇళ్ళల్లో తిరిగిన కుక్కబొమ్మ రికార్డులున్నాయే, ఆ గ్రామఫోన్ కంపెనీ కొలంబియాతో 1931లో కలిస్తే ఏర్పడ్డ ఈఎంఐ వాళ్ళే సీటీ యంత్రాన్నీ తయారుచేశారు. వాళ్ళ దగ్గర పనిచేసిన ఇంజనీరు గాడ్ ఫ్రే హౌన్స్ ఫీల్డ్ దాని సృష్టికర్త. 1971 అక్టోబరు 1న లండన్ లోని ఒక ఆస్పత్రిలో మొట్టమొదట ఆ యంత్రం కింద పడుకున్నది ఒక స్త్రీ. 1979లో ఆయనకీ, దానికి లెక్కలు కట్టిన కార్మాక్ కీ నోబెల్ బహుమతి వచ్చింది. "పాటల కంపెనీవాళ్ళా!" అంది ఆవిడ. అంతే. మళ్ళీ తలుపు వైపే చూపు.

ముక్కులోంచే గొట్టం పంపి, ఆ కాగితం గోడ దగ్గర చీము తీసేశారు. మూడోరోజుకి కన్ను తెరిచాడు. నాలుగోరోజు అమ్మ ఒక్కతే కనిపించింది.

2021 మే నెల వచ్చేసరికి ఈ సంగతులన్నీ మళ్ళీ గుర్తుచేసుకోవలసివచ్చింది. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చినవాళ్ళకి, ముఖ్యంగా చక్కెర జబ్బుండి స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి, బుగ్గ తిమ్మిరెక్కడం, పళ్ళు కదలడం, కన్ను వాయడం. బ్లాక్ ఫంగస్ అన్నారు. తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించి, కోఠీలోని ఈఎన్టీ ఆస్పత్రిని వైద్యానికి ముఖ్యకేంద్రం చేసింది. ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ కోసం జనం ఊరంతా తిరిగారు. ఆ ఫంగస్ స్వతహాగా నల్లగా ఉండదు. రక్తనాళాల్లో దూరి వాటిని మూసేస్తుంది, రక్తం అందని చోటు చచ్చి నల్లబడుతుంది. ఎమ్మారైలో రంగుమందు ఎక్కించినప్పుడు బతికున్న పొర వెలుగుతుంది, చచ్చినది నల్లగా ఉండిపోతుంది. సీటీలో మంచిదనుకున్న నలుపు ఇక్కడ చావు గుర్తు. పైగా ఇది ఎముక విరగకుండానే నరాల వెంబడీ నాళాల వెంబడీ గోడ దాటుతుంది. ఎముక తిన్న గుర్తు సీటీలో కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమే. మా వీధి చివర ఉండే ఒక మేకప్ మాన్ కి ప్రాణం దక్కింది, కన్ను దక్కలేదు. ఆయన భార్య ఇప్పటికీ ఆయనకి ఎడమవైపునే నడుస్తుంది.

కళ్ళ మాట వచ్చింది కాబట్టి, మా పక్క బంజారా హిల్స్ లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి సినిమా డబ్బుతో మొదలైందని ఎంతమందికి గుర్తు? హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడింట్లోనూ వేషం వేసిన ఆ పెద్దమనిషి ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో దాన్ని నెలకొల్పారు.

మొన్నామధ్య మా ఎదురింటావిడ డబ్బింగు నుంచి కోపంగా వచ్చింది. కోపమంటే గొంతు కాస్త తగ్గుతుంది, అంతే. సినిమాలో హీరో తలకి దెబ్బ తగిలితే డాక్టరు ఛాతీ ఎక్స్ రే పట్టుకుని, అదీ తలకిందులుగా, "మెదడులో రక్తం గడ్డకట్టింది" అంటాడట. తెలిసి నోరుమూసుకోలేక డైరెక్టరుతో చెప్పింది. రెండు రోజులకి అసిస్టెంటు కుర్రాడు ఇంటికొచ్చి, "మేడం, మీ అబ్బాయి స్కాన్ ఫిల్ములున్నాయటగా, ఒక్క షాటుకి ఇస్తారా? జాగ్రత్తగా తెచ్చిస్తాం" అన్నాడు.

బీరువాలో పట్టుచీరల కింద ఉన్న ఆ కవరు సంగతి నాకు తెలుసు. "ఇంట్లో లేవు బాబూ" అందావిడ, మైకు ముందు చెప్పినట్టు తడుముకోకుండా, ఆ కుర్రాడికి కాఫీ కలుపుతూ.