పేరు చూసి నమ్మే ఫోన్

విశాఖ-కోర్బా ఎక్స్‌ప్రెస్ రాయ్‌పూర్ వదిలి బిలాస్‌పూర్ దారి పట్టాక తిల్దా వస్తుంది. బియ్యం మిల్లుల ఊరు. రాయ్‌పూర్, బిలాస్‌పూర్‌లలో ఏనాడో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబాలకు ఇది తెలిసిన దారే. బోగీలో ప్రయాణికుడు కునికిపాట్లు పడుతున్నా అతని జేబులోని ఫోన్ మేలుకునే ఉంటుంది. ఎప్పుడో విశాఖ స్టేషన్‌లో వాడిన వైఫై పేరు మళ్లీ తగిలితే చాలు, యజమానిని అడక్కుండానే వెళ్లి కలుస్తుంది.

ఆ వైఫైని తీసిపారేయడానికి లేదు. రైల్‌టెల్ సంస్థ గూగుల్‌తో కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో దీన్ని మొదలుపెట్టింది. 2020లో గూగుల్ తప్పుకున్నా, సేవ 6 వేలకు పైగా స్టేషన్లకు పాకింది. ఎర్నాకుళం స్టేషన్‌లో మూటలు మోసే కూలీ ఒకరు దాని సాయంతోనే చదువుకుని 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్ష గట్టెక్కారు. అలాంటివారికి 'ఉచిత వైఫై జోలికి పోవద్దు' అని సలహా ఇవ్వడం, నెలనెలా డేటా కొనుక్కోగలవారికే చెల్లుతుంది.

చిక్కల్లా ఫోన్ జ్ఞాపకశక్తిలోనే ఉంది. పాస్‌వర్డ్ లేని వైఫైలో అది గుర్తుపెట్టుకునేది ముఖ్యంగా పేరునే. ఆ పేరు వినిపిస్తున్నది రైల్వే పరికరమా, ఎదుటి బెర్తు కింది సంచిలోని చిన్న పెట్టా అన్న ఆరా తీయదు. ఆస్ట్రేలియాలో విమానాశ్రయాల్లో, విమానాల్లో సరిగ్గా ఇలాగే నకిలీ వైఫై పెట్టి, లాగిన్ పేజీతో ఈమెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు రాబట్టిన వ్యక్తిపై 2024లో కేసు పెట్టారు. ఇతర నేరాలతో కలిపి 2025లో అతనికి ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అసలు వైఫై అయినా భరోసా లేదు. 2024 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లోని 19 రైల్వే స్టేషన్లలో లాగిన్ పేజీనే ఎవరో మార్చేసి విద్వేష రాతలు పెట్టారు.

ఫోన్‌లో టైపు చేసే ప్రతి అక్షరాన్నీ హ్యాకర్ చదివేస్తాడన్న భయం మాత్రం పాతబడింది. బ్యాంకు యాప్‌లు, చాలా వెబ్‌సైట్లు ఇప్పుడు సమాచారాన్ని సంకేతభాషలోకి మార్చే పంపుతున్నాయి. అందుకే మోసగాడు తాళం పగలగొట్టే శ్రమ మాని తాళంచెవే అడుగుతున్నాడు. సెట్టింగ్స్‌లో 'ఆటో కనెక్ట్' ఆపేసి, పాత పేర్లను చెరిపేస్తే సగం బెడద వదులుతుంది. మిగతా సగం లాగిన్ పేజీ దగ్గర కాచుకుని ఉంటుంది. స్టేషన్ వైఫై మొబైల్ నంబరు తీసుకుని ఓటీపీ పంపుతుంది. నకిలీ పేజీ కూడా నంబరే అడిగి, దాంతో వెనక నుంచి వాట్సాప్ తలుపు తట్టవచ్చు. అప్పుడు వచ్చే ఓటీపీ వైఫైది కాదు. ఎవరు పంపారో మెసేజ్‌లో రాసే ఉంటుంది. బండి కూత వేస్తుండగా అది చదివే ఓపిక ఎందరికి?