వెదికేవారికి దొరికేలా



వారానికి రెండు సాయంత్రాలు మందిరం ఆఫీసు గదిలో లైటు వెలుగుతుండడం చూసి, లోపల ఏం జరుగుతోందని చాలామంది అడుగుతున్నారు. ఉపవాస ప్రార్థన కాదు, కమిటీ మీటింగు అంతకంటే కాదు. సంఘం కంప్యూటరులో ఉన్న డిజైన్ ఫైళ్లను సర్దుతున్నాం. ఇది కూడా పరిచర్యేనా అని ఒక సహోదరుడు నవ్వుతూ అడిగాడు. అవునని మేము నమ్ముతున్నాం. ఎందుకో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

మన సంఘంలో సంవత్సరం పొడుగునా ఏదో ఒకటి ముద్రణకు వెళ్తూనే ఉంటుంది. క్రిస్మస్ ఫ్లెక్సీలు, ఉజ్జీవ కూటముల కరపత్రాలు, కొత్త సంవత్సరం వాగ్దాన క్యాలెండర్లు, పెళ్లి పత్రికలు, వి.బి.ఎస్. పిల్లల సర్టిఫికెట్లు, జ్ఞాపకార్థ కూటముల బ్యానర్లు. ఇవన్నీ ఒక్కరు చేసినవి కావు. మొదట చేసిన తమ్ముడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. తరువాత చేసిన తమ్ముడు కువైట్ వెళ్లాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లలు ఇద్దరు చేస్తున్నారు. రేపు కూటం అనగా రాత్రి పదకొండింటికి డిజైన్ ముగించి, పెన్ డ్రైవ్‌లో వేసుకొని ఫ్లెక్సీ షాపుకి పరుగెత్తిన రోజులు వాళ్లకే తెలుసు. అందుకే కంప్యూటరులో ‘కొత్తది’, ‘కొత్తది 2’, ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’, ‘అయ్యగారు చెప్పిన కరెక్షన్’ అనే పేర్లతో వందల ఫైళ్లు పోగయ్యాయి. ఏది దేనిదో చేసినవాడికి తెలుసు. చేసినవాడు ఊరు దాటాక ఎవరికి తెలుస్తుంది?

మేము చేస్తున్న పని పెద్ద విద్యేమీ కాదు. సంవత్సరానికి ఒక ఫోల్డర్. దాని లోపల క్రిస్మస్, ఈస్టర్, ఉజ్జీవ కూటములు, వివాహములు, జ్ఞాపకార్థములు అని విడివిడిగా ఫోల్డర్లు. ఒక్కొక్క కార్యక్రమం కింద మళ్లీ మూడు: తిరిగి దిద్దుకోగల అసలు ఫైలు, ప్రెస్సుకి ఇచ్చిన పీడీఎఫ్, అందులో వాడిన ఫోటోలు. ఫైలు పేరు తేదీతో మొదలుపెడుతున్నాం. ముందు సంవత్సరం, తరువాత నెల, తరువాత రోజు: 2019-12-25 అన్నట్టు. ఇలా రాస్తే కంప్యూటరు వాటిని దానంతట అదే కాలక్రమంలో నిలబెడుతుంది. రోజు ముందు రాస్తే అన్ని సంవత్సరాల 25వ తేదీలూ ఒకచోట చేరి కలగాపులగం అవుతాయి.

అక్షరాల కోసం మరొక ఫోల్డర్ పెట్టాం. పాత కరపత్రాలు పేజ్‌మేకర్‌లో, కోరల్‌డ్రాలో, అను ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే వాక్యమంతా అర్థం లేని ఇంగ్లీషు ముక్కలుగా కనబడుతుంది. యూనికోడ్‌లో అయితే 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుండే తెలుగుకి సొంత స్థానాలు ఉన్నాయి. అందుకని పాత ఫైళ్ల పక్కన వాటి ఫాంట్లను భద్రం చేస్తున్నాం. ముఖ్యమైన వాటిని యూనికోడ్‌లో తిరిగి టైపు చేయిస్తున్నాం. వాక్యం ఉండి కూడా చదవలేకపోతే ఏమి లాభం?

ఇక తీసివేయడం గురించి. ఒకే బొమ్మ నాలుగైదు చోట్ల ఉంటే ఎక్కువైనవి తీసేయవచ్చు. అయితే పేరు ఒకటే అయినంత మాత్రాన అవి ఒకటే కావు. అందుకే అనుమానం ఉన్నవన్నీ ‘చూడాలి’ అనే ఫోల్డర్‌లో వేసి, ఒక సంవత్సరం వరకు ఏదీ చెరపకూడదని నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయం ఎంత మేలు చేసిందో వినండి.

పోయిన నెల మన సంఘ పెద్ద ఒకాయన ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూటానికి ఫోటో కావాలంటే ఇంట్లో దొరికింది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే. పెళ్లి ఫోటో ఎప్పుడో చెమ్మకు పాడైపోయింది. ఆయన భార్య, మనమంతా మామ్మా అని పిలుచుకునే ఆ తల్లి, “ఆయన పక్కన నేనున్న ఫోటో ఒక్కటి దొరికితే చాలు అయ్యగారూ” అన్నారు.

‘చూడాలి’ ఫోల్డర్‌లో 2013 క్రిస్మస్ బ్యానరు ఫోటోషాప్ ఫైలు ఒకటి ఉంది. అదే బ్యానరు జేపెగ్ బొమ్మగా వేరేచోట ఉంది కాబట్టి, ఇంత బరువైన ఫైలు ఎందుకు, తీసేద్దామా అని అంతకు ముందు వారమే మా మధ్య మాట వచ్చింది. బ్యానరులో ఆయన ముఖం మాత్రమే గుండ్రంగా కనబడుతుంది. జేపెగ్‌లో ఉన్నది అంతే. అయితే ఫోటోషాప్ ఫైలులో పొరలు ఉంటాయి. చేసిన తమ్ముడు ఫోటోను కత్తిరించలేదు, మాస్క్ వేశాడు. మాస్క్ అంటే ముసుగు లాంటిది. మిగతా భాగాన్ని కప్పుతుంది గాని పోగొట్టదు. మన పాప ఆ ముసుగు తీసింది. వెనుక మన పాత రేకుల షెడ్డు. ఆయన పక్కన కొంగు తలమీద కప్పుకొని మామ్మ.

ప్రింటు తీయించి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాం. మామ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఫోటోలో తన చీర మీద వేలు పెట్టి, “ఇది మా పెద్దమ్మాయి పెట్టిన చీర” అన్నారు. అంతే.

ప్రియులారా, అన్నీ మర్యాదగా, క్రమముగా జరగాలని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాసిన మాట (1 కొరింథీ 14:40) మనకు కంఠతా వచ్చు. అదే అధ్యాయంలో 26వ వచనం కూడా చూడండి. జరిగేదంతా సంఘ క్షేమాభివృద్ధి కోసమే జరగాలంటాడు. క్రమం చూపుకి అందంగా ఉండడానికి కాదు, మరొకరు కట్టబడడానికి.

ఎజ్రా గ్రంథం 5, 6 అధ్యాయాలు ఈ వెలుగులో చదవండి. చెర నుండి తిరిగి వచ్చినవారు యెరూషలేములో మందిరం కడుతుంటే, అధికారి తత్తెనై వచ్చి మీకు సెలవిచ్చింది ఎవరని అడిగాడు. కోరెషు రాజు ఇచ్చాడని పెద్దలు చెప్పారు. ఆ ఆజ్ఞ వెలువడి అప్పటికి దాదాపు 18 ఏళ్లు. ఆ రాజు లేడు, ఆ కాలపు అధికారులూ లేరు. దర్యావేషు వెదికించాడు. బబులోనులోని దస్తావేజుల గృహంలో వెదకమన్నాడు. చివరకు అది దొరికింది మాదీయుల దేశంలోని ఎగ్బతానాలో. అందులో ఏముందో గమనించండి: మందిరం ఎత్తు 60 మూరలు, వెడల్పు 60 మూరలు, రాళ్ల వరుసలు మూడు, మ్రాను వరుస ఒకటి. ఈ కాలపు మాటల్లో చెప్పాలంటే అదొక డిజైన్ ఫైలు. అది దొరికింది గనుక పని ఆగలేదు. పైగా ఖర్చు రాజు ఖజానా నుండి వచ్చింది. ఆ గ్రంథపు చుట్టను సరైన చోట పెట్టినవాడి పేరు బైబిల్లో లేదు. తాను పెట్టినది ఎవరికి పనికొస్తుందో అతనికి తెలియదు. అయినా వెదికినప్పుడు దొరికేలా పెట్టాడు.

యిర్మీయా సంగతి కూడా అంతే (యిర్మీయా 32). పట్టణం ముట్టడిలో ఉండగా 17 తులాల వెండికి పొలం కొన్నాడు. క్రయపత్రాలు రెండు రాయించాడు: ముద్ర వేసినది ఒకటి, ముద్ర వేయనిది ఒకటి. రెంటినీ చాలా కాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని బారూకుకు చెప్పాడు. మళ్లీ ఈ దేశంలో పొలాలు కొంటారనే దేవుని మాట మీద నమ్మకం ఉంది కాబట్టి కాగితాన్ని భద్రం చేశాడు. భద్రపరచడం అతనికి విశ్వాసక్రియ. మేము కూడా ప్రతి ఫైలుకీ రెండు ప్రతులు చేశాం. ఒకటి ఆఫీసు కంప్యూటరులో, ఒకటి సంఘ కోశాధికారి గారి ఇంట్లో ఉండే హార్డ్ డిస్కులో. ఒకే గదిలో రెండూ ఉంటే, వర్షం నీళ్లు వచ్చిన రోజు రెండూ పోతాయి.

మీకు ఒక మనవి. గతంలో డిజైన్లు చేసిన బిడ్డలు మీ దగ్గర ఉన్న పాత ఫైళ్లు పంపండి. సంఘ కార్యక్రమాల ఫోటోలు ఉన్నవారు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే దాని నాణ్యత తగ్గుతుంది. ఫోటోలో ఉన్నవారి పేర్లు, సంవత్సరం రాయండి. జబ్బుతో ఉన్నప్పుడు ప్రార్థన కోసం పంపిన ఫోటోలు మాత్రం ఎవరికీ చూపించం. వారు కోరితే తీసేస్తాం. మీ ఇళ్లలో కూడా పొలం కాగితాలు, పాసు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో ఇంట్లో ఒక్కరికే కాక ఇద్దరికి తెలిసి ఉండేలా చూసుకోండి.

మనలను పేరుపేరునా ఎరిగిన దేవుడు, మన చేతిలోని చిన్న పనిని మన తరువాత వచ్చేవారికి మేలుగా మార్చును గాక. ఆమేన్.