ఆదివారం కాదు, బడిరోజు

చీరల షాపు గుడ్డసంచిలో ఐదు లీటర్ల తెల్ల క్యాన్ పెట్టుకుని ఒకరోజు బడికి వెళ్ళాను. స్టాఫ్ రూములో బీరువా వెనక దాస్తుంటే లెక్కల మాస్టారు చూసి, "ఏంటి టీచర్ గారూ, నువ్వుల నూనె తెచ్చారా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నా మూత్రం చుక్క పోకుండా అందులో పట్టాలి.

మాది పిడుగురాళ్ల. సున్నపురాయి ఊరు. ఇక్కడ ఎవరి కిడ్నీలో రాయి వచ్చినా నింద నీళ్ళ మీదికే పోతుంది. "మన నీళ్ళలో ఉన్నదే సున్నం, రాళ్ళు కాక ఏమొస్తాయి?" అంటారు. 2019 అక్టోబరులో నాకు మొదటిసారి వచ్చినప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. నాలుగు మిల్లీమీటర్లదని స్కానింగులో తేలింది. మూడో రోజు దానంతటదే పడిపోయింది. ఐదు మిల్లీమీటర్ల లోపువి ఎక్కువగా అలాగే పోతాయట. పడిన రాయిని పట్టి ల్యాబ్‌కి పంపొచ్చని నాకు తెలీదు, ఎవరూ చెప్పనూ లేదు. పీడ వదిలిందనుకున్నాను.

'క్యాల్షియం రాయి' అన్న మాట చెవినపడ్డాక ఇంట్లో నాకు పాలు, పెరుగు బంద్ అయ్యాయి. గింజలుంటాయని టమాటా కూడా. అత్తయ్య పాపం పొద్దున్నే లేచి ఉలవలు ఉడికించిన నీళ్ళు, కొండపిండాకు కషాయం, అరటిదూట రసం వంతులవారీగా ఇచ్చేది. రక్తం పడుతుందని వారానికి నాలుగు రోజులు పాలకూర పప్పో, తోటకూర వేపుడో. చివర పెరుగన్నం లేదు కాబట్టి ఆవకాయతోనే ఇంకో రెండు ముద్దలు. మూడేళ్ళు ఎంతో నిష్ఠగా పత్యం చేశాను.

2022 ఆగస్టులో ఒక రాత్రి రెండింటికి ఎడమ నడుములో మొదలైంది. పడుకోలేను, కూర్చోలేను. గ్రైండరు దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ దగ్గర్నుంచి గ్రైండరు దాకా నడుస్తున్నాను. అత్తయ్య గ్యాస్ అనుకుని వాము నమలమంది. నొప్పి పొత్తికడుపులోకి దిగి గజ్జల్లోకి పాకింది. రెండుసార్లు వాంతి. కాసేపు తగ్గితే 'హమ్మయ్య' అనుకునేలోపు మళ్ళీ వచ్చేది. చివరికి వంటింటి గచ్చు మీద మోకాళ్ళేసి, నుదురు నేలకానించి అలాగే ఉండిపోయాను. తెల్లవారుజామున ఆటోలో గుంటూరు తీసుకెళ్ళారు.

సీటీ తీశారు. ఎనిమిది మిల్లీమీటర్ల రాయి మూత్రనాళంలో ఇరుక్కుంది, పైన కిడ్నీ ఉబ్బింది. లేజరుతో పగలగొట్టి ముక్కలు తీసి, లోపల స్టెంటు పెట్టారు. రాయి సంగతి అందరూ చెబుతారు గానీ స్టెంటు సంగతి ఎవరూ చెప్పరు. అది ఉన్న రెండు వారాలూ ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ నడుములోకి సూది దూసుకెళ్ళినట్టుండేది. వెళ్ళొచ్చిన ఐదు నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించేది.

ఈసారి డాక్టరు గారు ముక్కల్ని పరీక్షకు పంపారు. క్యాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. రక్తంలో క్యాల్షియం, యూరిక్ యాసిడ్ చూశారు. మెడలో బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయట. వాటిలో ఒకటి పాడైతే రక్తంలో క్యాల్షియం పెరిగి రాళ్ళు కడతాయని, అప్పుడు ఆ గ్రంథిని తీసేస్తే గానీ ఆగదని చెప్పారు. నాకది మామూలుగానే ఉంది. "మరి ఎందుకొచ్చింది?" అని నేనడగబోతే ఆయనే అడిగారు. "రోజుకెన్ని నీళ్ళు తాగుతారమ్మా?" తాగుతానండీ, బాగానే తాగుతాను, అన్నాను.

మూడు నెలలాగి, ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. పొద్దున మొదటిది వదిలేసి, అప్పట్నుంచి మర్నాడు పొద్దుటి మొదటిదాకా అంతా క్యాన్‌లోకే. ఇంట్లో ఉంటాను కదా అని ఆదివారం పట్టాను. 1,700 మిల్లీలీటర్లు. డాక్టరు గారు కాగితం చూసి, "ఏ రోజు పట్టారు?" అన్నారు. ఆదివారమన్నాను. "బడిరోజు పట్టి తీసుకురండి" అని కాగితం తిరిగిచ్చేశారు.

అలా వెళ్ళింది ఆ క్యాన్ బడికి.

మా బడిలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేకపోలేదు. తలుపుకు గడియ లేదు. నీళ్ళు బోరింగ్ దగ్గర్నుంచి బకెట్టుతో మోసుకోవాలి. వెనక గోడ దగ్గర మగపిల్లలు గోళీలాడతారు. అందుకని పొద్దున ఏడున్నరకు ఇంట్లో వెళ్ళొచ్చి, సాయంత్రం ఐదున్నరకు మళ్ళీ ఇంట్లోనే వెళ్ళడం పన్నెండేళ్ళుగా అలవాటు. మధ్యాహ్నం అన్నం దిగడానికి రెండు గుక్కలు, అంతే. అది దాహం చంపుకోవడమని నాకెప్పుడూ తోచలేదు. ఆ రోజు క్యాన్ ఉంది కాబట్టి తెలుగు టీచరు తలుపు పట్టుకుని నిలబడితే ఒక్కసారి వెళ్ళాను. మర్నాడు పొద్దుటికి క్యాన్‌లో ఉన్నది 820 మిల్లీలీటర్లు. చిక్కగా, నిజంగానే నువ్వుల నూనె రంగులో.

రాళ్ళొచ్చే వాళ్ళకు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలట. నా రిపోర్టులో సోడియం బాగా ఎక్కువ, ఆక్సలేట్ ఎక్కువ, రాయి కట్టకుండా ఆపే సిట్రేట్ తక్కువ. అంటే నా మూడేళ్ళ పత్యం తలకిందుల పత్యం. పెరుగులోని క్యాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టుకుని మలంలోకి పంపేస్తుంది. పెరుగు మానేసి పాలకూర తింటే ఆ ఆక్సలేట్ నేరుగా కిడ్నీకి చేరుతుంది. ఆవకాయలోని ఉప్పేమో మూత్రంలోకి పోతూ క్యాల్షియాన్నీ వెంటబెట్టుకు పోతుంది. టమాటా ఏ పాపమూ చేయలేదు. ఇక మా ఊరి నీళ్ళను తిట్టడమే గానీ, అసలు నేను వాటిని తాగితే కదా!

అత్తయ్య మాత్రం పెరుగు వడ్డించడానికి ఒప్పుకోలేదు. డాక్టరు గారు చెప్పిన లెక్క ఆమెకూ చెప్పాను. ఇటలీలో పార్మా అనే ఊళ్ళో మాటిమాటికీ రాళ్ళొచ్చే 120 మంది మగవాళ్ళను ఐదేళ్ళు చూశారు. పాలు, పెరుగు తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్ళీ వచ్చాయి. వాటిని మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి. 2002లో అచ్చయిన లెక్క ఇది. అత్తయ్య కాసేపు ఆలోచించి, "అయితే ఆ పాలకూరదే తప్పు" అని తీర్పు చెప్పి గిన్నెలో పెరుగు వేసింది. ఉలవచారు ఇప్పటికీ చేస్తుంది. తాగుతాను, బాగుంటుంది కాబట్టి. నిమ్మరసం తాగుతాను, ఉప్పు లేకుండా. మొదట్లో అది గొంతు దిగడం కష్టమైంది. ఆవకాయ ఆదివారానికి పరిమితం.

గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్ళు మాత్రం డాక్టరునడక్కుండా ఇలా నీళ్ళు పెంచొద్దు. ఇంకో మాట, రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఆపరేషనుకు, మందులకు 58,000 అయింది. మరుగుదొడ్డి తలుపుకు గడియ, బిగించిన వడ్రంగి కూలి కలిపి 240 రూపాయలు. స్టాఫ్ అందరం వేసుకున్నాం. పోయిన జూన్‌లో మళ్ళీ బడిరోజే క్యాన్ పట్టాను. 2,300 వచ్చింది.

గడియ పెట్టాకే ఒకటి గమనించాను. అంతకుముందు మా ఆడపిల్లల సీసాలు పొద్దున ఎలా వచ్చేవో సాయంత్రం అలాగే నిండుగా ఇంటికి వెళ్ళేవి. టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రేపు ఆఖరి బెల్లు కొట్టాక మీ క్లాసులో ఆడపిల్లల సీసాలు ఒకసారి ఎత్తి చూడండి.