ఫైటింగు సినిమా... డిస్కు కొనాలా, వద్దా?

మూడు వందల యాభై రూపాయలు!

నలుగురం కలిసి హాలుకు వెళితే ఇంటర్వెల్లో పాప్‌కార్న్‌కే చాలని సొమ్ము. కానీ ఆ మూడు వందల యాభై దగ్గరే నేను వారం రోజులు ఊగిసలాడాను. నవ్వకండి. మీ జేబులో ఉన్నది కూడా సరిగ్గా అంతే అయి, దానికి ఇంకో పని కూడా కాచుకుని ఉంటే మీరూ ఊగిసలాడతారు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది జవహర్‌నగర్. హైదరాబాదుకు ఉత్తరపు కొసన, అటు శామీర్‌పేటకూ ఇటు ఈసీఐఎల్‌కూ మధ్యన ఉంటుంది. ఊరి పేరు చెప్పగానే కొత్తవాళ్లు "డంపింగ్ యార్డు ఉన్న చోటే కదా?" అంటారు. అవును, అక్కడే! నగరం వద్దనుకున్నదంతా లారీలెక్కి మా వైపే వస్తుంది. అందుకే మా దగ్గర స్క్రాపు కొట్లకు కొదవ లేదు. నాదేమో టీవీలు, మిక్సీలు బాగుచేసే చిన్న షాపు. పార్టుల కోసం ఆ కొట్ల చుట్టూ తిరగడం నా వృత్తిలో భాగం.

అలా తిరుగుతుంటేనే పోయినేడు ఒక బ్లూ-రే ప్లేయరు దొరికింది. ట్రే బయటికి రాదు, వచ్చినా డిస్కు చదవదు. నాలుగు వందలకు తెచ్చి, కోఠి గుజరాతీ గల్లీలో ట్రే బెల్టు కొని వేసి, లెన్సు తుడిచాను. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే వేయడానికి నా దగ్గర ఒక్క బ్లూ-రే డిస్కు కూడా లేదు! గుర్రం లేకుండా కళ్లెం కొన్నట్టయింది నా పని.

ఆ గుర్రం మొన్న అదే కొట్లో కనిపించింది. గోనెసంచి నిండా పాత డిస్కులు, ఏది తీసుకున్నా పది రూపాయలు. అన్నీ వీసీడీలే. చెయ్యి పెట్టి కెలుకుతుంటే అడుగున నీలం డబ్బా తగిలింది. "మగధీర"!

"గది పది రూపాలది గాదన్నా, బ్లూ డబ్బా. మూడొందల యాభై" అన్నాడు కొట్టాయన. ఆయనకు సినిమాలు తెలియవు గానీ డబ్బా రంగు తెలుసు.

డిస్కును తిప్పి తిప్పి చూసి, సంచిలో పెట్టి ఇంటికొచ్చాను. మా ఆవిడకు చెప్పాను.

"గా సినిమా ఫోన్ల దొరుకుతది గద! మల్ల పైసలెందుకు? పిలగానికి స్కూలు బూట్లు కొనాలె, యాదుందా?"

యాదుంది. బూట్ల ధర కూడా అంతే!

సరే, ఇంతకీ అసలు ప్రశ్న. ఒక ఫైటింగు సినిమాకు డిస్కు కొనడం దండగా, పండగా? పాఠక మిత్రులారా, ఆ వారం రోజులూ నేను వేసుకున్న లెక్కలు మీ ముందు పెడుతున్నాను. మీకూ పనికిరావచ్చు.

మొదటి లెక్క చోటుది. వీసీడీ రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. ఒక్కో సీడీలో 74 నుంచి 80 నిమిషాల బొమ్మ. మన సినిమా రెండున్నర గంటలు దాటుతుంది కనుక హీరో పిడికిలి ఎత్తగానే సీడీ అయిపోయేది. లేచి ఇంకోటి వేస్తే గానీ విలన్‌కు దెబ్బ తగలదు! 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక కిళ్లీకొట్ల దగ్గర కూడా సినిమాలు వేలాడాయి. డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, రెండు పొరలదైతే 8.5. బ్లూ-రేలో ఒక పొరకే 25, రెండు పొరలకు 50.

ఇంత చోటు ఎందుకంటారా? ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనులో ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ పెద్ద తేడా ఉండదు. పాత బొమ్మనే కాస్త సవరిస్తే సరిపోతుంది. ఫైటు అలా కాదు. దుమ్ము లేస్తుంది, నిప్పురవ్వలు రాలతాయి, కెమెరా గిర్రున తిరుగుతుంది, సెకనుకో కట్టు పడుతుంది. ప్రతి ఫ్రేమూ కొత్తదే. అప్పుడు సమాచారం చాలకపోతే దుమ్మంతా గళ్లు గళ్లుగా ముద్దకడుతుంది. బ్లూ-రేలో బొమ్మకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా వీలుంటుంది. నెట్‌లో అదే కొలత బొమ్మకు 5 మెగాబిట్ల లైను ఉంటే చాలంటారు. కుటుంబ కథాచిత్రానికి ఆ తేడా అంతగా తెలియదు. ఫైటింగు సినిమాకే తెలుస్తుంది.

రెండో లెక్క సినిమాది. ఫైట్లున్న ప్రతి సినిమాకూ డిస్కు అక్కర్లేదు సుమా! నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. కథ తెలియనివాడికి ఒక్క ఫైటు మాత్రం వేసి చూపిస్తే ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరు ఎవర్ని కొడుతున్నారో అర్థం కావాలి. "శివ" (1989)లో సైకిల్ చైను లాగే ఘట్టం చూడండి. చిన్న చోటు, చిన్న పని. ఎన్నిసార్లు చూసినా చెయ్యి ఎక్కడుందో, చైను ఎక్కడుందో తెలుస్తుంది. "మగధీర" (2009)లో వంద మందితో పోరాటమూ అంతే. సన్నటి వంతెన, ఇవతల కాలభైరవుడు, అవతలి నుంచి వంద మంది. రాజమౌళి ఆ వంతెనను ముందే మన కళ్లలో నిలబెట్టాడు. ఆ తర్వాత ఎంత దుమ్ము లేచినా మనం దారి తప్పం. సెంథిల్‌కుమార్ కెమెరా, పీటర్ హెయిన్, రామ్-లక్ష్మణ్‌ల ఫైట్లు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు... ఈ పరీక్షలో ఫస్టు క్లాసు!

మూడో లెక్క డిస్కుది. సెకండ్ హ్యాండు డిస్కును ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడాలి. మధ్య నుంచి అంచుకు పోయే గీతలు అంత ప్రమాదం కాదు. గుండ్రంగా తిరిగే గీతలే కొంప ముంచుతాయి. డీవీడీకి టూత్‌పేస్టు రాసి రుద్దే చిట్కా మీరు వినే ఉంటారు. బ్లూ-రే మీద మాత్రం అది ప్రయోగించకండి. డీవీడీలో సమాచారం 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే బ్లూ-రేలో 0.1 లోతునే ఉంటుంది. పైన గట్టి పూత ఉంటుంది నిజమే గానీ, రుద్దితే అదే పోతుంది. ఇంకో సంగతి రీజియన్. బ్లూ-రేకు మన దేశం 'సి', జపాన్, అమెరికాలు 'ఎ'. జపాన్‌వాళ్లు ఇప్పటికీ డిస్కులు కొంటారు. 2018లో "మగధీర"ను అక్కడి హాళ్లలో చూశారు, 2023లో "ఆర్.ఆర్.ఆర్." బ్లూ-రే వేసుకున్నారు. అక్కడున్న బంధువు చేత తెప్పించుకునే ముందు డబ్బా వెనక ఆ అక్షరం చూసుకోవాలి. లేకపోతే మీ ప్లేయరు మొహం తిప్పుకుంటుంది.

నాలుగో లెక్క మా ఆవిడది: ఫోన్లో ఉంది కదా! ఉంటుంది, ఒప్పందం ఉన్నన్నాళ్లు ఉంటుంది. గడువు తీరితే ఆ యాప్ నుంచి పోయి ఇంకో యాప్‌లో తేలవచ్చు, తేలకపోనూ వచ్చు. డిస్కు అలమరలో ఉంటే దాని గడువు మన చేతిలో ఉంటుంది.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ నిజం చెప్పొద్దూ, నన్ను ఆ నీలం డబ్బా దగ్గర నిలబెట్టినవి ఈ లెక్కలేవీ కావు.

2009లో నేను పదో తరగతి. మా నాయిన చెత్త లారీకి డ్రైవరు, రాత్రి డ్యూటీ. చిరంజీవి అంటే ప్రాణం. "ఖైదీ" (1983) ఎన్నిసార్లు చూశాడో తనకే లెక్క తెలియదు. ఆయన కొడుకు సినిమా కదా అని, రిలీజైన వారంలో డ్యూటీ దిగి, స్నానం చేసి, నిద్రపోకుండా నన్ను ఈసీఐఎల్ వైపు ఒక హాలుకు మార్నింగ్ షోకి తీసుకెళ్లాడు. లైట్లార్పిన పావుగంటకే గురక! చుట్టుపక్కలవాళ్లు నవ్వుతున్నారు. మా క్లాసువాళ్లు నలుగురు వెనక వరసలో ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఘరానా మొగుడు" (1992) పాటను మళ్లీ చిత్రించిన చోట చిరంజీవే స్వయంగా తెర మీదికి వచ్చాడు. హాలంతా ఈలలు, కాగితాలు. నేను నాయినను లేపలేదు. కావాలనే లేపలేదు. 'పడుకో, నీకెందుకు చిరంజీవి' అనుకున్నాను.

సెకండాఫ్‌లో గుర్రాల చప్పుడుకు లేచాడు. వంద మంది ఫైటుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బయటికొచ్చాక "మస్తుంది గదరా" అన్నాడు. నేను ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. ఆ తర్వాత మేమిద్దరం కలిసి హాలుకు వెళ్లలేదు. గొడవేమీ లేదు. నాకు స్నేహితులు దొరికారు, ఆయనకు డ్యూటీలు ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు నాయిన ఇంట్లోనే ఉంటున్నాడు. నడుం నొప్పి, హాల్లో మూడు గంటలు కూర్చోలేడు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఫోన్లో బొమ్మ ఆయనకు చీమల బారులా కనిపిస్తుందట.

శనివారం బూట్లు కొన్నాను. తర్వాతి గురువారం ఒక టీవీ బాగుచేసిన డబ్బులు చేతికొచ్చాయి. నేరుగా కొట్టుకు వెళ్లాను. గోనెసంచి లేదు! డిస్కులన్నీ ప్లాస్టిక్ కింద తూకానికి వెళ్లిపోయాయట. నా గుండె జారిపోయింది. కొట్టాయన నా మొహం చూసి, బల్ల కింది నుంచి నీలం డబ్బా తీశాడు.

"రొండుసార్లు తిప్పి తిప్పి చూసినవ్ గదన్నా. మల్ల వస్తవని పక్కకు పెట్టిన" అన్నాడు. బేరం చెయ్యబుద్ధి కాలేదు. అడిగినంత ఇచ్చేశాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక డిస్కు వేశాను. ప్లేయరు ఒక్క నిమిషం ఆలోచించింది. బొమ్మ పడింది. నాయిన గోడకు దిండు వేసుకుని కూర్చున్నాడు. ఈసారి కన్నార్పలేదు. ఆ పాట దగ్గర చిరంజీవి రాగానే దిండు వదిలేసి ముందుకు వంగాడు.

"గిదేనా! గీడనే వస్తడంట గదా!"

"నీకు తెలుసా నాయినా?"

"తెల్వకేంది? లారీ కాడ అందరు చెప్పిండ్రు. గప్పుడు పండుకున్న గదా."

"మరి మళ్లీ తీసుకెళ్లమని అడగలేదేంటి?"

నాయిన టీవీ వైపే చూస్తూ అన్నాడు. "నువ్వు కోపం మీదున్నవ్. ఎట్ల అడగాలె?"

పదహారేళ్లు దాటింది. నేను రిమోటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత కథ ఎక్కడిదాకా నడిచిందో నాకు గుర్తులేదు. తేరుకునేసరికి వంతెన వచ్చింది, గుర్రాలొచ్చాయి. దుమ్ములో ఒక్కో రేణువూ కనిపిస్తోంది. నేను ఇన్ని లెక్కలు వేసింది ఈ ఫైటు కోసమే.

"గిది చూసిందే గదరా" అన్నాడు నాయిన. "ముందుది మల్ల పెట్టు."

వెనక్కి తిప్పి ఆ పాట పెట్టాను. రెండుసార్లు. మూడోసారికి మా వాడు కొత్త బూట్లు వేసుకుని టీవీ ముందు స్టెప్పులేశాడు.

మా ఆవిడ మాత్రం డబ్బా ఇటూ అటూ తిప్పి చూసి, దాని మీద ధర లేదని నిర్ధారించుకుని, అలమరలో దేవుడి పటాల కింది అరలో పెట్టింది.

"వచ్చే ఐతారం మా అమ్మ వస్తది. గప్పుడు సురువు నుంచి పెట్టాలె" అంది.