నగరంలో శెట్టిగారి కొట్టు

నగరమంటే ఏదో మహాపట్నమని భ్రమపడేరు సుమండీ! కోనసీమలో అది ఒక ఊరి పేరు. అమలాపురంలో రాజోలు బస్సెక్కి, బోడసకుర్రు దగ్గర వైనతేయ గోదావరి వంతెన దాటితే పాశర్లపూడి వస్తుంది. ఆ తరువాత నగరం. రోడ్డుకు అటూ ఇటూ కొబ్బరితోటలు, తోటల నడుమ పెంకుటిళ్ళు. మా మేనత్తను ఇచ్చిన ఊరది. చిన్నతనంలో నా సెలవులన్నీ అక్కడే గడిచాయి. పెద్దవాణ్ణయి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతకడం మొదలుపెట్టాక రాకపోకలు తగ్గిపోయాయి.

కిందటి సంక్రాంతికి చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ వెళ్ళాను. బస్సు దిగేసరికి మునిమాపువేళ అయింది. సందు మొగలో శెట్టిగారి పచారీ కొట్టు కనిపించింది. అవే నిలువు పలకల తలుపులు, అదే అరుగు. తాళం మాత్రం తుప్పు పట్టి, తాళమో ఇనుపముద్దో తెలియకుండా ఉన్నది. సంచీ అరుగు మీద పెట్టి, చూస్తూ నిలబడ్డాను.

"ఆయ్, అక్కడ నుంచోకండి! ఇటు వచ్చేయండి" అని కేక వేశాడు ఆటో అబ్బాయి.

"ఏం?"

"శెట్టిగారుంటారండి."

"శెట్టిగారు పోయి పాతికేళ్ళు దాటింది గదయ్యా!"

"పోయారండి. అయినా ఉంటారండి."

ఆటోలో కూర్చున్నాక కథంతా చెప్పాడు. అర్ధరాత్రి దాటితే కొట్టులో త్రాసు చిప్పలు చప్పుడవుతాయట. ఎవరో కాగితాలు తిప్పినట్టు వినిపిస్తుందట. మిరపకాయల వర్తకుడొకడు అద్దెకు తీసుకొని మూడు నెలల్లో ఖాళీ చేశాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడొకడు నెల తిరక్కుండానే తాళంచెవి తిరిగి ఇచ్చేశాడు. ఆ తరువాత ఆ తలుపు తీసినవాడు లేడు.

నాకు శెట్టిగారు బాగా జ్ఞాపకం. ఆయన పేరు వ్రాయను, వారసులున్నారు. బక్కపలచని మనిషి. చెవిలో పెన్సిలు, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. కిలోలు వచ్చి ఎన్నేళ్ళయినా ముసలివాళ్ళు వచ్చి వీశె బెల్లం, అరవీశె చింతపండు అని అడిగితే, లెక్క మనస్సులోనే కట్టి తూచేవారు. పొట్లం కట్టి పురికొస తెంపాక, వెంట వచ్చిన పిల్లవాడి చేతిలో కొసరుగా చిన్న బెల్లంముక్క పెట్టేవారు. గల్లాపెట్టె పైన గోడకు ఒక అట్టముక్క వ్రేలాడుతుండేది: "అరువు రేపు".

ఆ రోజుల్లోనే మన పల్లెల్లో ఇళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసుకొనేవారు, పాఠకులలో కొందరికైనా జ్ఞాపకముండే ఉంటుంది. రాత్రివేళ తలుపు తట్టే దయ్యం అది చదువుకొని వెళ్ళిపోతుందని, మరునాడు వచ్చినా అదే మాట చదువుకుంటుందని నమ్మకం. దయ్యానికీ, అరువు బేరానికీ మనవాళ్ళు కనిపెట్టిన మంత్రం ఒక్కటే! అయితే దయ్యాల సంగతి నాకు తెలియదు గాని, శెట్టిగారి కొట్టులో ఆ మంత్రం పారేది కాదు. అట్ట దారి అట్టదే, అరువు దారి అరువుదే.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాసుబావి బద్దలై అంటుకున్నది. ఆరిపోయేసరికి మార్చి 15 వచ్చింది. అరవై అయిదు రోజులు! రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయించారు. అత్తయ్య ఆడపడుచు కుటుంబమంతా మూటాముల్లెతో నగరం వచ్చేసింది. ఇంట్లో ఒక్కసారిగా పదమూడు విస్తళ్ళు. ఊళ్ళో చాలా ఇళ్ళు అట్లాగే ఉండేవి. ఎవరి చేతిలోనూ పైసా ఆడని ఆ రోజుల్లో బియ్యం, పప్పు, కిరసనాయిలు శెట్టిగారి కొట్టునుంచే వచ్చాయి. ఆయన ఎవ్వరినీ ఏమీ అడగలేదు. చెవిలో పెన్సిలు తీసి చిట్టాలో వ్రాసుకున్నారు. మరి మూడేళ్ళకు ఒక రాత్రి నిద్రలోనే పోయారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక అత్తయ్యను అడిగాను.

"అత్తయ్యా, నాకొక సందేహం. ఈ ఊళ్ళో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా పోయారు. నిద్ర మంచాల మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టే కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అంత ఘోరంగా పోయినవాళ్ళ గురించి దయ్యమన్న మాట ఇక్కడ ఒక్కరి నోటా నేను వినలేదు. వాళ్ళను తలచుకొని అందరూ కళ్ళు ఒత్తుకుంటున్నారు. హాయిగా నిద్రలో పోయిన శెట్టిగారు దయ్యమెందుకయ్యారు?"

అత్తయ్య ఒత్తులు చేసుకుంటున్నది. చాలాసేపటికి గాని తల ఎత్తలేదు.

"వాళ్ళకు మనం బాకీ లేమురా. ఆయనకు ఉన్నాం" అన్నది.

మరునాడు తోచక ఊళ్ళో నలుగురినీ కదిపి చూచాను. చప్పుడు విన్నామన్న వాళ్ళంతా పాత కాపురస్థులే. ఆ అరుగు మీదనే ఆరేళ్ళుగా చేపలు అమ్ముకొంటున్న ముసలమ్మ మాత్రం నవ్వింది. ఆమె ఎక్కడినుంచో వచ్చి స్థిరపడిన మనిషి. "నాకేటీ వినబడదు బాబూ. ఆయనెవరో నాకేటి ఎరిక?" అన్నది.

ఋణం సామాన్యమైన సంగతి కాదని మన పెద్దలకు తెలుసు. మనువు చెప్పిన పద్దెనిమిది వివాదాల్లో మొట్టమొదటిది ఋణాదానమే. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చడం ధర్మమని చాలాకాలం న్యాయస్థానాలు కూడా ఒప్పుకున్నాయి; 2005 లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు గాని ఆ సూత్రం పోలేదు. ఇక అరువు సరుకు ఖరీదుకు 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళే. గడువు దాటితే కోర్టుకు పోయినా లాభం లేదు. కాని అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు ఈ చట్టం ఎవరికి గుర్తుంటుంది?

సాయంకాలం అత్తయ్యను తీసుకొని ఆ మండలంలోనే ఉన్న అప్పనపల్లి వెళ్ళాను. వైనతేయ ఒడ్డున బాలబాలాజీ స్వామి. కొబ్బరి వర్తకులైన మొల్లేటి రామస్వామిగారు లాభంలో కొంత వేంకటేశ్వరస్వామి పేర తీసి ఉంచేవారనీ, 1960ల్లో తమ కొబ్బరి కొట్టున్న చోటనే స్వామిని నిలిపారనీ స్థలకథ. అత్తయ్య ప్రాకారం చుట్టూ చూచి, "ఇదీ కొట్టేనటరా! ఇక్కడాయన దేవుడి బాకీ ఏనాటి కానాడు తీర్చుకున్నాడు. కొట్టు కాస్తా కోవెలయింది" అన్నది. తిరుగు ప్రయాణంలో మరి మాట్లాడలేదు.

కనుమనాడు శెట్టిగారి అబ్బాయి విశాఖపట్నం నుంచి వచ్చాడు. కొట్టు బేరం పెట్టాలని అతని ఆలోచన. నేనూ, అత్తయ్యా వెళ్ళాము. తాళం పగలగొట్టవలసి వచ్చింది. లోపల ముక్కవాసన. పెంకులు రెండుమూడు చోట్ల జారిపోయి, పైనుంచి గాలి వస్తున్నది. దూలానికి త్రాసు ఇంకా వ్రేలాడుతూనే ఉన్నది. మేము చూస్తుండగానే గాలికి ఊగి, చిప్పా చిప్పా తగిలి టింగుమన్నది. తలుపు దగ్గర నిలబడ్డ ఆటో అబ్బాయి రెండడుగులు వెనక్కు వేశాడు.

గల్లాపెట్టె తెరిస్తే చిట్టా పుస్తకాలు కనిపించాయి. చేయి పెట్టగానే పొడి రాలింది. చెదలు అట్టలు మాత్రం వదిలిపెట్టి తక్కినదంతా తినేశాయి. నగరంలో ఎవరూ శెట్టిగారికి దమ్మిడీ బాకీ ఉన్నట్టు ఇక ఋజువు లేదు.

అత్తయ్య కొంగుముడి విప్పి, ఆరువందల నలభై రెండు రూపాయలు లెక్కపెట్టి అతని ముందు పెట్టింది.

"పుస్తకమే లేదు గదండీ పిన్నిగారూ, ఏమని తీసుకోను?" అన్నాడతను.

"పుస్తకం పోతే తిన్న బియ్యం పోతాయా నాయనా?"

అతను రెండు చేతులా తీసుకొని కళ్ళకద్దుకున్నాడు. ఆ డబ్బు జేబులో పెట్టుకోలేదు. తండ్రి కూర్చునే చోట, గల్లాపెట్టె మీద పెట్టాడు.

ఆ రాత్రి గాలి గట్టిగా వీచింది. సందు చివరనుంచి త్రాసు చిప్పల చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. పక్కగదిలో అత్తయ్య గుర్రుపెట్టి నిద్రపోతున్నది.

తెల్లవారి బస్సుకు బయలుదేరాను. ఆటో అబ్బాయి దారిపొడుగునా మౌనంగా ఉన్నాడు. స్టాండులో దిగి డబ్బులు ఇస్తుంటే తీసుకోకుండా, తల గోక్కుంటూ అడిగాడు:

"ఏవండీ, ఆ పుస్తకంలో మా నాన్న ఖాతా ఎంతుందో మీ అత్తయ్యగారికేమన్నా గుర్తుంటుందాండి?"