కరిగిపోయిన క్రీడాస్థలి

మంచు కురవని నేలపై పెరిగిన నన్ను ఒక మంచుకొండ కథ చిరకాలంగా కలవరపెడుతోంది. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలో, లా పాజ్ నగర సమీపాన, చకల్తాయా పర్వతం ఉన్నది. సుమారు 5,300 మీటర్ల ఎత్తున, దాని హిమానీనదంపై పర్వతారోహకులు 1930ల చివర ఒక చిన్న స్కీయింగ్ క్రీడాస్థలిని నెలకొల్పారు. మోటారు ఇంజను లాగే తాడును పట్టుకొని క్రీడాకారులు పైకి చేరేవారు. మంచుపై జారుతూ దిగివచ్చేవారు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీయింగ్ స్థలమని దానికి ఖ్యాతి.

భూతాపం పెరిగి ఆ హిమం ఏటేటా క్షీణించింది. 2015 నాటికి అదృశ్యమవుతుందని శాస్త్రజ్ఞులు అంచనా వేయగా, 2009 నాటికే పూర్తిగా కరిగిపోయింది. వేల ఏండ్ల మంచు ఒక్క మనిషి జీవితకాలంలో మాయమైంది!

ఆట పోతే మరొక ఆట నేర్చుకోవచ్చు. కాని లా పాజ్ ప్రజల దాహం తీర్చే నీటిలో కొంత భాగం ఇటువంటి హిమానీనదాలదే. దాహానికి ప్రత్యామ్నాయం ఏమున్నది?