కిలోమీటరుకు పదమూడు పైసలు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ, బస్సులు తక్కువ. ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు, మర్రిపాడు మండలాల్లో పాల క్యాన్లు మోసేదీ, పొలానికి పురుగుమందు చేర్చేదీ, పెద్దవాళ్లను ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్లేదీ మోటారుసైకిలే. ఇంటి ఖర్చుల లెక్కలో దాని పెట్రోలుకు ఎలాగూ చోటుంటుంది. ఇంజిన్ ఆయిల్‌కు మాత్రం ఉండదు. షెడ్డుకు పోయిన రోజు మెకానిక్ ఏది పోస్తే అది, ఎంతంటే అంత.

ఈ వ్యాసకర్త ఇంట్లో రెండు బళ్లున్నాయి. ఒకటి స్ప్లెండర్, రెండోది పాత పల్సర్ 150. రెండింటి ఖర్చూ ఒకే నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాక, ఆయిల్ విషయంలో అతడు తీసుకున్న నిర్ణయాలన్నీ ఒక చిన్న లెక్క చుట్టూ తిరిగాయి.

స్ప్లెండర్‌కు సరిపోయే మామూలు మినరల్ ఆయిల్ డబ్బా సుమారు 400 రూపాయలు అనుకుందాం. మూడు వేల కిలోమీటర్లకొకసారి మారిస్తే కిలోమీటరుకు పడేది 13 పైసలు. పెట్రోలు లీటరు 110 రూపాయలు, బండి లీటరుకు 55 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, దానికయ్యేది కిలోమీటరుకు రెండు రూపాయలు. అంటే ఆయిల్ ఖర్చు పెట్రోలు ఖర్చులో పదిహేనో వంతు. వెయ్యి రూపాయల ఫుల్ సింథటిక్ పోయించి, దాన్నీ మూడు వేలకే మారిస్తే 33 పైసలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండికి ఏడాదిలో నాలుగుసార్లు ఆయిల్ మారుతుంది. మినరల్ అయితే 1,600, సింథటిక్ అయితే 4,000. తేడా 2,400 రూపాయలు.

ఈ 2,400 ఏపాటిదో తెలియాలంటే ఇంకో అంకె పక్కన పెట్టాలి. 75 నుంచి 150 సీసీ బళ్లకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 2022 జూన్ నుంచి ఏడాదికి 714 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఖరీదైన ఆయిల్ మీద ఏడాదిలో అదనంగా పోసిన డబ్బుతో దాదాపు మూడేళ్ల బీమా కట్టొచ్చు. ట్యాంకు మీద స్టిక్కర్ల మెరుపు తగ్గకుండా చూసుకుంటూ బీమా మాత్రం లేకుండా తిరిగే బళ్లు మెట్టలో ఎన్నో. ప్రమాదం జరిగిన రోజు కోర్టు అడిగేది బీమా కాగితం.

షెడ్డులో కుర్రాడు ఆశపెడతాడు. “ఫుల్ సింథటిక్ పోసేద్దామన్నా, ఇంజిన్ వెన్నలాగా పోద్ది.” సింథటిక్ చెడ్డదని కాదు. అది వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, త్వరగా చెడదు. పెద్ద ఇంజిన్లకు, గంటల తరబడి వేగంగా తోలే బళ్లకు దాని విలువ దానికుంది. నలభై, యాభై వేగంతో ఊళ్లమధ్య తిరిగే 97 సీసీ బండి ఆ గుణాన్ని వాడుకోదు. అందుకే వ్యాసకర్త జవాబు ఎప్పుడూ ఒకటే: “వద్దులే అబ్బయా, పుస్తకంలో రాసిందే పొయ్యి.”

పుస్తకం అంటే బండితో పాటు ఇచ్చే ఓనర్స్ మాన్యువల్. చాలా ఇళ్లలో అది ఆర్సీ కవరులో పడి ఉంటుంది, ఎవరూ తెరవరు. ఏ గ్రేడు పోయాలో అందులో స్పష్టంగా ఉంటుంది. స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30. పాత పల్సర్‌కు బజాజ్ చెప్పింది 20డబ్ల్యూ-50. ఒకే ఇంట్లో రెండు బళ్లు, రెండు గ్రేడ్లు. అయిదు లీటర్ల క్యాను కొంటే లీటరు మీద కొంత తగ్గుతుందని తెలిసినా వ్యాసకర్త కొనలేదు. రెండింట్లో ఒకదానికి అది సరిపడదు.

‘డబ్ల్యూ’ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక, నూరు డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మెట్టలో ఒక నమ్మకం గట్టిగా ఉంది: మన ఎండలకు చిక్కటి ఆయిలే మేలని. ఎండ నలభై దాటే ఉదయగిరిలో ఆ మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఇంజిన్ లోపలి వేడి ముందు బయటి ఎండ ఎంత? ఆ వేడినీ మన ఎండనూ లెక్కలోకి తీసుకునే కంపెనీ గ్రేడు నిర్ణయించింది. చిన్న ఇంజిన్‌లో అవసరానికి మించి చిక్కటి ఆయిల్ పోస్తే, ఆ చిక్కదనాన్ని తోసుకుంటూ తిరగడానికే కొంత పెట్రోలు ఖర్చవుతుంది. పైగా పొద్దున్నే స్టార్ట్ చేసిన క్షణాల్లో ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది.

డబ్బా వెనక ఇంకో రెండు గుర్తులు చూడాలి. ఒకటి ఏపీఐ తరగతి: ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్, ఎస్‌ఎన్. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది. రెండోది జపాన్ వాళ్ల జాసో గుర్తు, 1998లో వచ్చింది. కారులో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ వేరువేరు ఆయిల్ ఉంటుంది. మన బైకుల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ అదే ఆయిల్‌లో తడుస్తాయి. రాపిడి బాగా తగ్గించే రసాయనాలు కలిసిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారుతాయి. ఎంఏ, ఎంఏ2 గుర్తులు క్లచ్ పట్టు నిలిచే ఆయిల్‌కు, ఎంబీ ముఖ్యంగా గేర్లు లేని స్కూటర్లకు. కొన్ని బైకులకు కంపెనీయే ఎంబీ చెబుతుంది కాబట్టి ఇక్కడా పుస్తకం మాటే చెల్లుతుంది. పొలంలో ట్రాక్టరుకు తెచ్చిన 15డబ్ల్యూ-40 మిగిలితే బైకులో పోసే అలవాటు మన దగ్గర ఉంది. ఆ డీజిల్ ఆయిల్ తడి క్లచ్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనది కాదు. ఆదా అయ్యేది 400, క్లచ్ ప్లేట్లు పోతే అయ్యేది అంతకు రెండింతలు పైమాటే.

మార్పు ఎన్నాళ్లకు? స్ప్లెండర్‌కు హీరో కంపెనీ పుస్తకం చెప్పేది 6,000 కిలోమీటర్లకు మార్చమని, మధ్యలో 3,000 దగ్గర తగ్గినంత పోయమని. వ్యాసకర్త మాత్రం మూడు వేలకే మారుస్తాడు. బండి పాతది, దారిలో ఎర్రదుమ్ము, మీద పాల క్యాన్ల బరువు. ఏడాదికి ఇందుకు అదనంగా అయ్యే 800 రూపాయలు అతడికి ఇంజిన్ బోరు పని నుంచి కాపుదలగా తోచాయి. ఆయిల్ నల్లబడింది కదా అని వెయ్యికే మార్చడం మాత్రం దండగ. లోపలి మసిని కడిగి తనలో కలుపుకోవడం దాని పని కాబట్టి మంచి ఆయిల్ నల్లబడుతుంది. నిజంగా ఇంజిన్‌ను చంపేది ఆయిల్ తగ్గిపోవడం. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, కాసేపు ఇంజిన్ నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి గేజ్ తీసి తుడవాలి. స్ప్లెండర్‌లో గేజ్‌ను మళ్లీ మరలోకి తిప్పకుండా ఊరికే లోపల ఆనించి తీయాలి. రెండు గీతల మధ్య తడి ఉంటే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక ఫిల్టర్లు. వ్యాసకర్త నోటుపుస్తకంలో అసలైన ఆదా కనిపించింది ఇక్కడే.

స్ప్లెండర్‌లో మార్చాల్సిన కాగితపు ఆయిల్ ఫిల్టర్ అసలు లేదు. ఒక జల్లెడ, గుండ్రంగా తిరుగుతూ మడ్డిని అంచులకు తోసి పట్టే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ మాత్రమే ఉన్నాయి. కుడిపక్క క్లచ్ కవరు విప్పినప్పుడు వాటిని శుభ్రం చేస్తారు. అందుకే స్ప్లెండర్ బిల్లులో ‘ఆయిల్ ఫిల్టర్’ అని కనిపిస్తే ఆ పాత ఫిల్టర్ చూపించమని అడగాలి. పల్సర్‌కు కాగితపు ఫిల్టర్ ఉంది. వంద రూపాయలకు అటూ ఇటూ ధరే కాబట్టి ఆయిల్‌తో పాటు దాన్నీ మార్చేయాలి, లేకపోతే పాత మడ్డి కొత్త ఆయిల్‌లో చేరుతుంది.

ఎయిర్ ఫిల్టర్ సంగతి వేరు. పక్క మూత తెరిచి చూస్తే, వేసవిలో మట్టిబాటల్లో తిరిగిన బండి ఫిల్టర్ మడతల మధ్య ఎర్రమట్టి పేరుకుని ఉంటుంది. కార్బురేటర్ బండికి గాలి తగ్గితే పెట్రోలు పాలు పెరుగుతుంది, మైలేజీ పడుతుంది. 55 ఇచ్చే బండి 50కి దిగితే కిలోమీటరు ఖర్చు రెండు రూపాయల నుంచి 2.20కి పెరుగుతుంది. ఆ 20 పైసలు మొత్తం ఆయిల్ ఖర్చు కంటే ఎక్కువ! మూడు వేల కిలోమీటర్లలో 600 రూపాయలు పోతాయి, కొత్త ఫిల్టర్ వెల సుమారు రెండు వందలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంజెక్షన్ బళ్లలో సెన్సర్లు కొంత సర్దుతాయి గానీ, దుమ్ము పట్టిన ఫిల్టర్ వాటికీ మంచిది కాదు. ఇంకో మాట: ఇప్పటి ఫిల్టర్లు చాలావరకు నూనె పట్టించిన కాగితానివి. వాటికి కంప్రెసర్ గాలి కొట్టకూడదు, పెట్రోలుతో కడగకూడదు. దుమ్ము లోపలికి పోయి బోరును గీరుతుంది. స్పాంజి ఫిల్టర్ అయితేనే కిరోసిన్‌లో కడిగి, నూనె పట్టించి వాడాలి.

అందుకే అతడు సింథటిక్ జోలికి పోకుండా, పుస్తకంలో చెప్పిన గడువుకు ముందే ఎయిర్ ఫిల్టర్ మారుస్తాడు. రెండు నిర్ణయాల వల్లా చేతిలో డబ్బు మిగిలింది.

తీసిన ఆయిల్ ఏమవుతుందన్నదీ చూడాలి. సెంట్రింగ్ రేకులకు పూయడానికి కొందరు పట్టుకుపోతారు, మిగిలింది కొన్నిచోట్ల కాలువ పాలవుతుంది. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డ్రమ్ములో పట్టి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇచ్చే షెడ్డునే ఎంచుకోవడం మేలు.

ఆయిల్ లూజుగా కొనకండి. సీలున్న డబ్బా మీ ఎదుటే తీయించండి, బిల్లు అడగండి. పోశాక ఖాళీ డబ్బాను అలాగే వదిలేయక, మూత విరిచి, అడుగున మేకుతో చిల్లు పెట్టించండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్లు వెతికేది చెక్కుచెదరని ఖాళీ డబ్బాల కోసమే.